మడిలో బంకనాచు, చెరువులో పచ్చతెట్టు



ఈ పూట మీతో ముచ్చటించబోయేది చూడడానికి చాలా అల్పమైన వస్తువును గురించి. ఊడ్పులయిన కొన్ని వారాలకు మీ వరిమడిలో దిగి పరకాయించి చూడండి. దుబ్బుల మొదళ్లను అంటిపెట్టుకునో, నీటిమీద తేలుతూనో చిన్న చిన్న బంక ఉండలు కనబడతాయి. కొన్ని నానబెట్టిన సబ్జా గింజలంత వుంటాయి. కొన్ని రేగుపండంత వుంటాయి. రంగు ఆకుపచ్చ, లేదా గోధుమ కలిసిన ఆకుపచ్చ. చేతిలోకి తీసుకుంటే లేత తాటిముంజలాగా జారిపోతాయి. గట్లమీదా, బీడునేలమీదా అయితే వానపడిన మర్నాడు ఇటువంటిదే మడతలు మడతలుగా, మెత్తని చెవితమ్మెల్లాగా పరుచుకొని వుంటుంది. ఎండ కాసిందంటే నల్లని పెళుసు పొరగా మారి నేలకు కరుచుకుపోతుంది.

“ఏమండీ, ఈ బంక పైరు బలాన్ని పీల్చేస్తుందా? మైలుతుత్తం మూటకట్టి మడవలో పెట్టమంటారా?” అని అడిగే రైతులు వున్నారు. ఆ రైతు ఊళ్లోనే వేసవిలో చెరువుమీద పచ్చరంగు కలిపి పోసినట్లు తెట్టు కడుతుంది. దానిని ఎవరూ పట్టించుకోరు. గేదెలు అందులోనే దిగుతాయి, ఆ నీళ్లే తాగుతాయి. అంటే భయపడనక్కరలేని చోట భయపడుతున్నాం, భయపడవలసిన చోట ధీమాగా వుంటున్నాం అన్నమాట.

మడిలోని బంకా, చెరువులోని తెట్టూ దగ్గరి చుట్టాలు. రెండూ నీలి ఆకుపచ్చ నాచులే. రెండూ జిగురులో గుంపులు కట్టి బ్రతికేవే. కాని ఒకటి గాలిలోనుంచి నత్రజని తెచ్చి మనకిస్తుంది. రెండవది పశువు ప్రాణాన్ని తీయగలదు. వీటిని గుర్తుపట్టడం ఎట్లా, మనం చల్లే ఎరువుకూ ఈ రెండింటికీ వున్న లంకె ఏమిటి అన్నదే ఈనాటి సంగతి.

ముందు మంచిదాని మాట చెప్పుకుందాం. ఈ బంకలో నోస్టాక్ అనేది ఒక రకం, గ్లియోట్రైకియా అనేది మరొక రకం. నోస్టాక్ ముక్కను సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తే జిగురు నిండా పూసల దండలు అల్లుకొని కనిపిస్తాయి. దండలో పూసలన్నీ ఒక తీరున వుండవు. తులసిపూసల మధ్య ఒక రుద్రాక్ష గుచ్చినట్లు అక్కడక్కడ ఒక పెద్ద పూస, మందమైన గోడతో వుంటుంది. నత్రజనిని పట్టే కార్ఖానా ఆ పెద్ద పూసే. గాలిలో ఐదింట నాలుగు వంతులు నత్రజనే గదా! కాని వరి మొక్క దానిని నేరుగా తీసుకోలేదు. ఈ పూస తీసుకోగలదు. అయితే ప్రాణవాయువు తగిలితే ఆ పని చెడిపోతుంది. అందుకే దాని గోడ అంత మందం. రైతులు ఎరుగున్న అజొల్లా ఆకు మడతల్లో కాపురముండి నత్రజని పట్టేది కూడా ఈ కోవకు చెందిన నాచే.

ఇక జిగురు ఎందుకంటారా? అది నీటిని పట్టి వుంచుతుంది. నత్తలూ, నీటిపురుగులూ జిగురులేని నాచును ఇష్టంగా తింటాయి. జిగురు పట్టినదాని జోలికి అంతగా పోవు. ఎండినప్పుడు ఆ జిగురే ప్రాణాన్ని కాపాడుతుంది. శాస్త్రజ్ఞులు ఎండబెట్టి 87 సంవత్సరాలు దాచిన నోస్టాక్ ముక్కను తడిపితే అది తిరిగి పెరిగిందని 1941లో ప్రకటించారు. మన మడిలో రెండు పంటల మధ్య ఎండిన నల్లపొర ఎందుకు చావదో దీనినిబట్టి ఊహించుకోవచ్చు.

ఈ నాచు వరిపొలానికి నత్రజని చేకూరుస్తుందని 1939లో ప్రచురించిన పరిశోధనలో రుజువు చేసినవారు మన దేశపు శాస్త్రజ్ఞుడు పి.కె. డే. ఎరువు సంచి ఎరుగని కాలంలో ఏటేటా ఒకే మడిలో వరి వేసినా పంట బొత్తిగా పడిపోకుండా వుండడానికి ఈ నాచు ఒక ముఖ్య కారణం. కాశీ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఆర్.ఎన్. సింగ్ ఉత్తరప్రదేశ్‌లోని ఊసరభూముల్లో, అంటే మన చౌడునేలల వంటివాటిలో, గట్లు వేసి వాననీరు నిలగట్టి నోస్టాక్‌ను పెరగనిచ్చి నేల బాగుపడడం చూశారు. ఆ ఫలితాలు 1950లో వెల్లడించారు. అంతమాత్రాన చౌడుకు జిప్సం అక్కరలేదనుకోకండి. మీ నేల పరీక్ష ఏం చెబితే అది చేయవలసిందే.

“అయితే యూరియా మానేయమంటారా?” అంటారేమో. అట్లా చెప్పడం లేదు. నాచు బాగా పెరిగితే ఒక పంటకాలంలో హెక్టారుకు సుమారు 20 నుంచి 30 కిలోల నత్రజని సమకూరుతుందని లెక్క. ఎకరానికి 8 నుంచి 12 కిలోలు. ఒక 45 కిలోల యూరియా బస్తాలో వుండే నత్రజని దాదాపు 21 కిలోలు. అంటే ఎకరానికి ఇంచుమించు అరబస్తా సాయమన్నమాట. ప్రతి మడిలోనూ అంత వస్తుందని హామీ లేదు. పైగా ఈ బంకలో చాలా వంతు నీరే. తట్టెడు బంకను ఎండబెడితే పిడికెడు పొర మిగులుతుంది. కాబట్టి రాశి చూసి మోసపోకూడదు. నాచు చచ్చి మగ్గిన తరువాతే అందులోని నత్రజని పైరుకు అందుతుంది. కొంత ఈ పంటకు, కొంత వచ్చే పంటకు. మొదటి ఏడే అరబస్తా తగ్గించి కూర్చోకండి. పొలంలో ఒక మూల పది సెంట్లలో తగ్గించి చూడండి. పైరు చెప్పేదాన్నిబట్టి మిగతా పొలం సంగతి ఆలోచించండి.

ఈ నాచును మీరే పెంచుకోవచ్చు. ఆరుబయట ఎండ తగిలేచోట రెండు మీటర్ల పొడుగు, ఒక మీటరు వెడల్పు, జానెడు లోతు గుంట తీసి పాలిథీన్ పట్టా పరవండి. జల్లించిన పొలం మట్టి 10 కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ 200 గ్రాములు వేసి, నాలుగైదు అంగుళాల నీరు పెట్టి కలిపి తేరుకోనివ్వండి. వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి తెచ్చిన విత్తన నాచును పైన చల్లండి. ఎండ బాగా వుంటే రెండు వారాలలో మందమైన పొర కడుతుంది. అప్పుడు నీరు ఇంకిపోనిచ్చి, ఎండి పెచ్చులుగా లేచిన నాచును ఏరి సంచిలో దాచుకోండి. ఊడ్చిన వారం పది రోజులకు ఎకరానికి 4 కిలోలు చల్లాలి. చల్లిన తరువాత పది పదిహేను రోజులు మడి ఆరకుండా పలుచగా నీరు నిలపాలి. దుక్కిలో భాస్వరం తప్పకుండా వేసి వుండాలి. భాస్వరం లేనిచోట ఈ నాచు పెరగదు. మీ మడిలో ఇదివరకే బంక ఉండలు కనబడుతుంటే విడిగా చల్లవలసిన పని అంతగా వుండదు. వున్నదానిని చంపకుండా వుంటే చాలు. మైలుతుత్తానికి ముందుగా చచ్చేది ఈ నాచే.

ఒక్క మినహాయింపు చెబుతాను. నారుమడిలో పాచి దట్టంగా కట్టి లేత మొలకలను కప్పేసినా, పొరగా లేచి మొలకలను పెకలించినా వూరుకోకూడదు. నీరు తీసివేసి ఒకటి రెండు రోజులు ఆరగట్టండి. చాలావరకు అణిగిపోతుంది.

ఇక చెరువు గట్టుకు పోదాం. అక్కడ పచ్చతెట్టు కట్టేవాటిలో ముఖ్యమైనది మైక్రోసిస్టిస్. ఇదీ జిగురు గుంపే. కాని దీనిని చేత్తో ఎత్తితే ఉండలాగా నిలవదు. బొంబాయి రవ్వ పలుకుల్లాగా నీటిలో చెదిరి వుంటుంది. దీని కణాలలో గాలి నిండిన సన్నని గొట్టాలు వుంటాయి. వాటి బలంతో అది నీటిపైకి తేలుతుంది. గాలి ఎటు వీస్తే అటు గట్టుకు చేరి మీగడలాగా పేరుకుంటుంది. మందలు నీటికి దిగే రేవు ఆ వైపే వుంటే ప్రమాదం ముంగిట వున్నట్టే.

గుర్తుపట్టడానికి రెండు తేలిక పద్ధతులున్నాయి. చేతులకు తొడుగు వేసుకొని, పొడుగాటి కర్రతో తెట్టును కెలికి పైకి తీయండి. కర్రకు జుట్టులాగా పోగులు వేలాడితే అది మామూలు పోగునాచు. కర్రను రంగు డబ్బాలో ముంచి తీసినట్లుంటే అనుమానించాలి. రెండవది, తెల్ల గాజుసీసాలో ఆ నీరు ముప్పాతిక వరకు పట్టి కదపకుండా ఒక పూట వుంచండి. అడుగున నీరు తేరి, మెడ దగ్గర పచ్చని వలయం కడితే అది తేలే నీలి ఆకుపచ్చ నాచే. అందులో విషం వున్నదీ లేనిదీ సీసా చెప్పదు, కన్నూ చెప్పదు. ప్రయోగశాలే చెప్పాలి. అందాకా విషమనే భావించి నడుచుకోవాలి.

ఈ ముప్పు నిన్నటిది కాదు. 1878లోనే ఆస్ట్రేలియా దక్షిణభాగంలో అలెగ్జాండ్రీనా సరస్సు తెట్టు తాగి గొర్రెలు, గుర్రాలు, పశువులు చనిపోయినట్లు జార్జి ఫ్రాన్సిస్ అనే ఆయన రాశారు. అక్కడిది మరొక రకం నీలి ఆకుపచ్చ నాచు. మైక్రోసిస్టిస్ విషం ముఖ్యంగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పశువు మేత మానేస్తుంది, నీరసించి పడిపోతుంది, పారుకోవచ్చు. ఎక్కువ తాగితే గంటలలోనే చావవచ్చు. బ్రతికినవాటికి ఎండ తగిలితే తెల్లచర్మం వున్నచోట బొబ్బలెక్కవచ్చు. దీనికి ఫలానా విరుగుడని లేదు. అనుమానం రాగానే మందను ఆ నీటినుంచి తప్పించి, పశువును నీడలో కట్టి, పశువైద్యుడికి కబురు చేయాలి. ఆ నీటిని మరగబెట్టినా విషం పోదు. పిల్లలను అందులో ఈతకు దించకూడదు.

మరొక మాట గట్టిగా జ్ఞాపకం పెట్టుకోండి. తెట్టు కట్టింది గదా అని చెరువులో మైలుతుత్తం కుమ్మరించి, తెట్టు పోయింది గదా అని వెంటనే పశువులను తోలకండి. నాచు చచ్చినప్పుడు కణం పగిలి లోపలి విషమంతా ఒక్కసారిగా నీటిలో కలుస్తుంది. పచ్చగా వున్ననాటికంటె తేటగా కనబడేనాడే ఆ నీరు ఎక్కువ ప్రమాదం కావచ్చు. చేపల చెరువుల్లోనూ అంతే. తెట్టు ఒక్కసారి చస్తే నీటిలో ప్రాణవాయువు హరించుకుపోయి, తెల్లవారుజామున బొచ్చె, శీలావతి నోళ్లు పైకెత్తి చస్తాయి.

ఇప్పుడు అసలు లంకె వినండి. మడిలోని నోస్టాక్ నత్రజనిని తానే సంపాదించుకుంటుంది. మైక్రోసిస్టిస్‌కు ఆ విద్య రాదు. నత్రజనీ భాస్వరమూ ఎవరైనా తెచ్చి పెట్టాలి. తెచ్చిపెడుతున్నది మనమే. పొలంనుంచి కొట్టుకువచ్చే ఎరువు, పేడనీరు, ఊరి మురుగు, చేపలకు మితిమీరి వేసే దాణా, ఇవే దాని తిండి. హైదరాబాదు హుస్సేన్ సాగర్ మీద ఈ తెట్టు కట్టడానికి కారణం నగరపు మురుగే. నిండా నీరున్న మడిలో యూరియా చల్లారనుకోండి. నత్రజని పుష్కలంగా దొరికినప్పుడు మడిలోని నాచు గాలినుంచి పట్టడం మానేస్తుంది. పైగా నాచు వున్న నీరు మధ్యాహ్నపు ఎండలో క్షారగుణం పెంచుకుంటుంది. అటువంటి నీటిలో యూరియా అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. మిగిలినదానిలో కొంత మడవ దాటి మురుగు కాలువ పట్టి చెరువుకు చేరుతుంది. అంటే మన డబ్బుతో మిత్రుణ్ణి సోమరిని చేసి, శత్రువుకు విందు పెడుతున్నాం.

దీనికి మార్గం కష్టమైనదేమీ కాదు. యూరియా వేసే రోజున మడిలో నీరు తీసి, బురద పదునులో చల్లండి. 36 నుంచి 48 గంటలు ఆగి తిరిగి నీరు పెట్టండి. ఆ పై కొన్ని రోజులు మడినుంచి నీరు బయటికి వదలకండి. చెరువు పైవాలులో పెంటకుప్పలు వేయకండి. వేసవిలో నీరు తగ్గి తెట్టు కనబడగానే పశువులకు బోరు నీరో బావి నీరో తొట్టిలో పోయండి. అది వీలుకాకపోతే తెట్టు చేరని గట్టునుంచి, తేటగా వున్నచోటునుంచి నీరు తెచ్చి పోయండి. ఇది తాత్కాలికమే, పూర్తి రక్ష కాదు. చేపల చెరువుల వారు దాణా, ఎరువు ఆపి మత్స్యశాఖ వారి సలహా తీసుకోండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. రైతు మడి చూడడానికి వెళ్లినప్పుడు ఒక గాజుసీసా వెంట పెట్టుకోండి. మడిలోని బంక ఉండనూ, చెరువులోని తెట్టు నీటినీ పక్కపక్కన పెట్టి చూపించండి. ఒకసారి కళ్లారా చూసిన రైతు రెండింటినీ ఇక పొరబడడు.

మడిలోది మంచిది గదా అని దానిని మాత్రం పశువులకు మేపకండి. నోస్టాక్‌లోనూ విషపు రకాలు కొన్ని వున్నాయి. దాని చోటు మడే. అక్కడ దాని పని దానిని చేసుకోనివ్వండి. చెరువుకు మాత్రం మన ఎరువు చేరనివ్వకండి.