కడుపుల నొస్తున్నది సారూ

 

సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో మొదలైంది. అంతకుముందు ఆత్మకూర్ (ఎస్) మనిషికైనా కోదాడ మనిషికైనా పెద్ద జబ్బు అంటే హైదరాబాద్ ప్రయాణమే. ఇవాళ పట్టా అందుకుంటున్న యువ వైద్యులారా, ఇప్పుడు ఆ మనిషి మీ దగ్గరికే వస్తాడు. అతను చెప్పే మొదటి మాట చాలాసార్లు ఒక్కటే: "కడుపుల నొస్తున్నది సారూ." నేనివాళ ఆ ఒక్క మాట గురించే మాట్లాడతాను. ఆ మాట వినగానే చేయి గ్యాస్ గోలీల మీదికి పోతుంది. అక్కడే ఆగండి.

నాట్ల రోజులు. తెల్లవారుజామున ఒకామె కడుపునొప్పి, వాంతులతో వచ్చింది. రాత్రి తిన్నది పడలేదంటారు ఇంటివాళ్లు. ఆర్‌ఎంపీ అప్పటికే ఒక సూది వేసి పంపాడు. మీరు అడగాల్సింది ఏం తిన్నదని మాత్రమే కాదు, ఎక్కడ పడుకున్నదని కూడా. నేల మీద పడుకుందంటే కనురెప్పలు చూడండి. వాలుతున్నాయా? మింగడం కష్టమవుతోందా? కట్లపాము రాత్రి నిద్రలో కాటేస్తుంది. కాటు మంట పెట్టదు, వాపు రాదు, గాటు కంటికి కనపడకపోవచ్చు. మొదట కడుపునొప్పిగా వచ్చి, గంటలు గడిచాక ఊపిరి కండరాలను పడగొడుతుంది. విషానికి విరుగుడు మందు వెంటనే ఎక్కించాల్సిందే. కానీ పక్షవాతం ఒకసారి వచ్చాక ఆ మందు దాన్ని వెంటనే వెనక్కి తిప్పలేదు. అప్పుడు ఆమెను బతికించేది మీరు అందించే శ్వాస. వెంటిలేటర్ లేకపోతే అంబూ బ్యాగ్ నొక్కుతూనే అంబులెన్సులో పంపాలి. స్కానింగ్ రిపోర్టు కోసం కూర్చుంటే ఈ జబ్బు దొరకదు.

అదే మాట డెంగీ రోగి కూడా అంటాడు. జరం తగ్గిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్న రోజే అసలు గండం మొదలవుతుంది. రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరి, తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు వస్తాయి. బంధువులు మాత్రం ప్లేట్‌లెట్లు ఎన్ని అనే అడుగుతారు. కొందరు బొప్పాయి ఆకు రసం సీసాతోనే వస్తారు. వాళ్లను కసరకండి. హెమటోక్రిట్ పెరుగుతోందా, మూత్రం వస్తోందా అన్నది మీరు చూడండి. కడుపునొప్పితో వచ్చే ఇంకో జరం టైఫాయిడ్. ఒక్క వైడాల్ పరీక్ష పట్టుకుని ఊరంతటికీ టైఫాయిడ్ అంటగట్టే అలవాటు నాకు చిరాకు. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే రక్తం కల్చర్‌కు తీయండి.

మన జిల్లా మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి పోతోంది. బైకు మీంచి పడి హ్యాండిల్ పొట్టలో గుచ్చుకున్న పిల్లవాడు నడుచుకుంటూ వస్తాడు, బీపీ బాగానే ఉంటుంది. వయసులో ఉన్నవాడి ఒంట్లో రక్తం దాదాపు మూడో వంతు పోయేదాకా బీపీ పడకపోవచ్చు. నాడి మాత్రం ముందే పరుగెత్తుతుంది. ఎడమ భుజం నొస్తున్నదని అంటే ప్లీహం చిట్లిందేమో అనుకోండి. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ చవకైన మందు. 2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనంలో 20 వేల మందికి పైగా క్షతగాత్రులను పరిశీలించారు. ఆ మందును మూడు గంటల్లోపు ఇస్తేనే మేలు అని ఆ వివరాల తర్వాతి విశ్లేషణలో తేలింది. ఆ మూడు గంటలు మొదలయ్యేది మీ క్యాజువాలిటీలో కాదు, రోడ్డు మీద.

పట్టా చేతిలో ఉన్న రోజు కాబట్టి వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోవాలి. మద్రాసు వైద్య కళాశాలలో ఆయన ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రాలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. ఆయన అన్నను తీసుకుపోయింది స్ప్రూ, అంటే తిన్నది ఒంటబట్టనివ్వని పేగు జబ్బు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ ప్రయోగశాల నుంచే 1948లో టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ వచ్చింది. ఉష్ణమండల స్ప్రూకి నేటికీ ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ జంటనే.

ఇక ముందు చెప్పిన ఆర్‌ఎంపీల సంగతి. వాళ్లను సమర్థించడం లేదు. కానీ మీకంటే ముందు రోగిని చూసేది వాళ్లే. ఫోన్ చేసి ఏ సూది, ఎన్ని గంటలకు అని అడగండి. తిట్టే డాక్టరుకు నిజం చెప్పరు.

ఒక చిన్న పని ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి. రోగిని ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ వెనక తెలుగులో రాయండి: వాంతులు ఆగకపోతే, మూత్రం రాకపోతే, చిగుళ్ల నుంచి రక్తం వస్తే, మనిషి మగతగా ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి అని. అక్షరాలు పెద్దవిగా రాయండి. ఊళ్లో ఆ చీటీ చదివిపెట్టేది ఆశా కార్యకర్తో, బడికిపోయే మనవరాలో.