ఇంటి పునాదులు - గోడ బీటలు

మే నెలలో గుంటూరు ప్రాంతపు చేలలో నడచినవారికి నేల నెర్రెలు విచ్చియుండుట క్రొత్త కాదు. పశువుల కాపరి చేతికర్ర మూరెడు లోపలికి దిగిపోవునంతటి నెర్రెలు అక్కడ కనబడును. తొలకరి పడి రెండు మంచి వానలు కురియగనే అవి యన్నియు మూసికొనిపోయి, ఉండిన చోటు సైతము తెలియకుండ పోవును. పత్తికిని మిరపకును ప్రాణమువంటి నల్లరేగడి నేల స్వభావ మిది. పొలములో దీనిని చూచి మనము ఆశ్చర్యపడము. అదే నేలమీద ఇల్లు కట్టుకొని, ఆ యింటిగోడ వేసవిలో బీటవారినప్పుడు మాత్రము కలవరపడి, వెంటనే తాపీ మేస్త్రీని పిలిపించి, బీటలో సిమెంటు కూరించి, పైన వెల్లవేయించి, పీడ వదలినదని సంతోషింతుము. మరుసటి యేడు ఆ ప్రక్కనే ఇంకొక బీట కనబడును.

పునాది కదలుటవలన వచ్చిన బీటకు మందు గోడలో లేదు. నేలలో కలదు, ఆ నేలకు చేరు నీటిలో కలదు. గోడను బాగుచేయుట చిట్టచివరి పని. నేడు మేము చెప్పదలచిన దంతయు దీని వివరణమే.

నల్లరేగడిలో మాంట్‌మోరిలొనైట్ అను బంకమట్టి ఖనిజము విశేషముగా నుండును. దాని రేణువులు మిక్కిలి పలుచని పొరలుగా అమరియుండును. ఆ పొరల నడుమకు నీరు చేరినప్పుడు అవి ఎడముగా జరుగును. నీరు ఆరినప్పుడు మరల దగ్గరకు వచ్చును. నానబోసిన సెనగలు తెల్లవారుసరికి ఉబ్బి, పాత్రమీది మూతను పైకి లేవనెత్తుట గృహిణు లెరిగినదే. తడిసిన రేగడి మన్ను గూడ తనపై నున్న పునాదిని అట్లే ఎత్తును. ఋతువులనుబట్టి కలుగు ఈ కదలిక మన దేశపు రేగడి నేలలలో సుమారు 3.5 మీటర్ల లోతువరకు, అనగా 11, 12 అడుగుల వరకు ఉండునని ఇంజనీర్లు చెప్పుదురు. మన పాత యిండ్ల పునాదులలో 3, 4 అడుగులకు మించి దిగినవి అరుదు. కదలుచున్న నేలలోనే మన పునాది ముగియుచున్నదన్నమాట.

నేల యంతయు ఒక్క రీతిగా లేచి ఒక్క రీతిగా దిగినచో ఇంటికి ముప్పు లేదు. నీటిమీది పడవవలె ఇల్లు గూడ లేచి దిగును. చిక్కేమనగా, ఇంటి నడిమి భాగము క్రింది నేలకు ఎండ తగలదు, వాన తగలదు. అక్కడి తేమ ఏడాది పొడవునను ఇంచుమించు ఒక్క తీరుగానే యుండును. అంచుల క్రింది నేల మాత్రము వేసవిలో ఎండి కుంగును, వానలలో తడిసి ఉబ్బును. అందుచేత ఇంటి మూలలది ఒక దారి, నడిమి గదులది ఒక దారి యగును. ఇటుక గోడ వంగజాలదు గనుక పగులును. కిటికీ మూలనుండి ఇటుకల సందుల వెంబడి మెట్లు మెట్లుగా ప్రాకిపోవు బీటలు తరచుగా ఇట్టివే.

అయితే గోడమీద కనబడు ప్రతి గీతయు పునాది దోషము కాదు. సిమెంటు పూత ఆరునప్పుడు సాలెగూడువలె ఏర్పడు సన్నని వెండ్రుకబీటలు పూతకు సంబంధించినవి మాత్రమే. మిద్దెకప్పుకును గోడకును నడుమ అడ్డముగా సాగు బీట, ఎండకు కప్పు సాగి, చల్లబడినప్పుడు ముడుచుకొనుటవలన వచ్చును. పాత యింటికి క్రొత్త గది నానించి కట్టినచోట నిట్టనిలువుగా వచ్చు బీట, రెండు పునాదులు ఒక్క తీరున కుంగకపోవుటవలన వచ్చును. ఇక మెట్లబీటలో పైభాగము వెడల్పుగానుండి క్రిందికి వచ్చుకొలది సన్నబడినచో గోడ చివరలు కుంగినవని అనుమానింపవలెను. క్రింద వెడల్పుగాను పైన సన్నముగాను ఉన్నచో నడిమి భాగము కుంగినదని తలపవలెను. తలుపులు, కిటికీలు బిగిసిపోవుట, ద్వారబంధము వంకరయగుట కూడ పునాది కదలికకు సాక్ష్యములే. కొందరు బీట కనబడగనే కీడు శంకించి శాంతి చేయింతురు. చేయించుకొనవచ్చును, దానితోపాటు పెరటి తూమును గూడ ఒకసారి చూచుట మంచిది.

తూము మాట ఊరక అనలేదు. మేము కాపురమున్న యింటిలో వంటింటి మూల బీటవారినది. మూడు వేసవులు వరుసగా సిమెంటు పూయించితిమి. నాలుగవ యేట బీట కిటికీమీదుగా దూలము చేరువకు పోయినది; పెరటి తలుపు గడియ పడుట మానినది. ఇంటిలోని వారికి ఆ గదిలో పొయ్యి వెలిగించుటకే భయము పుట్టినది. ప్రక్క వీధిలో పనిచేయుచుండిన ఒక వృద్ధ మేస్త్రీ వచ్చి, గోడవైపు అంతగా చూడక, పెరటిలోనికి పోయి నిలుచుండి, “అయ్యగారూ, మీరు గోడకు మందు పూస్తున్నారు గాని జబ్బు గోడది కాదండి. స్నానాల గది నీళ్ళు ఎటు పోతున్నయ్యో ఎప్పుడైనా చూశారా?” అని అడిగెను. మేము చూడలేదు. మన్ను త్రవ్వి చూడగా మట్టిగొట్టపు అతుకు విడిపోయి, నాలుగేండ్లుగానో అంతకు పూర్వమునుండియో ఇంటిల్లిపాది స్నానపు నీరు వంటింటి పునాది మూలలోనే ఇంకుచున్నట్లు తెలిసినది. మూడు వేసవుల సిమెంటు ఖర్చుతో ఆ గొట్టమును ఎన్ని మారులైనను మార్పించియుండవచ్చును!

ఆ మేస్త్రీయే ఇంకొక సంగతి బోధపరచెను. వేసవిలో బీట మిక్కిలి వెడల్పుగా నుండును. అప్పుడే మనకు భయము, అప్పుడే మరమ్మతు. వానలు కురిసి నేల ఉబ్బగా గోడ తన పూర్వస్థితికి వచ్చి బీట మూసికొనజూచును. కాని అందులో గట్టి సిమెంటు బిగిసియున్నది. మూసికొనుటకు తావు లేదు. గోడ ఆ సిమెంటును ఆనుకొని త్రోయును. సిమెంటు పగులదు, ప్రక్కనున్న మెత్తని ఇటుక పగులును. ఇట్లు ఏటేట మన చేతులతోనే గోడలో మేకులు దిగగొట్టుచున్నాము.

కావున బీట కనబడినప్పుడు మొట్టమొదట చేయవలసినది కనిపెట్టియుండుట. బీటకు రెండు చివరల పెన్సిలుతో అడ్డగీత గీసి ప్రక్కన తేదీ వ్రాయవలెను. బీట పెరిగినచో గీతను దాటిపోవును. రెండు ప్రక్కల చెరియొక చిన్న మేకు దిగగొట్టి, వాని నడిమి దూరమును నెలకొకసారి కొలిచి పుస్తకమున వ్రాసికొనుట ఇంకను మేలు. పలుచని అద్దపుముక్కను బీటకు అడ్డముగా నుంచి రెండు కొనలను సిమెంటుతో అదుకుట పాత పద్ధతి. గోడ కదలినచో అద్దము పగులును. ఒక వేసవియు ఒక వర్షాకాలమును గడచువరకు ఈ లెక్క సాగవలెను. వేసవిలో విచ్చి వానలలో మూసికొను బీట ఒక జాతి. ఏ ఋతువైనను విచ్చుచునే పోవునది వేరొక జాతి. రెండవదానికి ఇంజనీరును పిలువవలసినదే. గోడ ఉబ్బినట్లు కనబడినను, దారమునకు గుండు కట్టి వ్రేలాడదీసినప్పుడు గోడ ఒరిగినట్లు తేలినను, దూలపు కొన గోడమీది ఆనికనుండి జారుచున్నను, బీట దినదినమును పెరుగుచున్నను ఏడాది వేచియుండరాదు. ఆ గదిని ఆ దినముననే ఖాళీచేసి, దూలము క్రింద ఊతకర్రలు నిలుపవలెను.

ఈ ఏడాదిలో నీటి సంగతి చూడవలెను. చూరునీరు గోడ మొదట పడరాదు. గొట్టముల అతుకులు, నీటితొట్టి అడుగు పరీక్షింపవలెను. తొట్టి నింపి, రాత్రి నీటిమట్టమునకు గుర్తుపెట్టి, ఎవరును వాడకుండ ఉదయమున చూచిన చాలును. గోడకు ఆనించి అరటిపిలకలు, కూరపాదులు పెంచి, దినమునకు రెండు బిందెల నీరు పోయు అలవాటు రేగడి నేలలో మానుకొనదగినది. అన్నిటికంటె ముఖ్యమైనది ఇంటిచుట్టును సుమారు 2 మీటర్ల వెడల్పున గచ్చు వేయించుట. గచ్చు వెలుపలికి వాలుగా నుండవలెను. అడుగుకు అర అంగుళము వాలు చాలును. గచ్చుకును గోడకును నడుమ సందును సిమెంటుతో గాక తారుతో నింపవలెను. గచ్చు, గోడ వేరువేరుగా కదలుటకు వీలుండవలెను గదా. గచ్చు క్రింది నేల వేసవిలో ఎండదు, వానలలో తడియదు. గోడను ముట్టకుండ చేయు వైద్యములలో ఇంతటి చవుకయైనది వేరొకటి లేదని మా యభిప్రాయము.

చెట్లవిషయమున తొందర పనికిరాదు. వేప, రావి మొదలగు పెద్ద చెట్ల వేళ్లు వేసవిలో తేమను పీల్చి, పునాదిక్రింది మట్టిని కుదించును. క్రొత్తగా నాటునప్పుడు చెట్టు ఎంత ఎత్తు పెరుగునో కనీసము అంతదూరమున నాటవలెను. ఇంటికంటె ముందునుండియు నున్న పాత చెట్టును ఒక్కసారిగా కొట్టివేసినచో, అది అంతవరకు పీల్చుచుండిన తేమ నేలలోనే నిలిచి, కొన్ని యేండ్లపాటు నేల ఉబ్బి, వేరొక విధమైన బీటలు రావచ్చును. వేపచెట్టును నరికించి, బీట పోలేదని వాపోవువారికి కారణ మిదే.

బీట కదలుట మానినదని పుస్తకములోని లెక్క చెప్పిన పిమ్మట గోడపని. బీటవెంబడి పగిలిన ఇటుకలను తొలగించి, ఇరుప్రక్కల పాత ఇటుకలలోనికి చొచ్చునట్లు నిండు ఇటుకలను పేర్చి కుట్టవలెను. అవసరమైనచోట ఇటుక వరుసల సందులలో ఇనుపకడ్డీలు కూర్చవచ్చును. సున్నపు కట్టుబడి గోడకు వట్టి సిమెంటు వాడరాదు. 1 పాలు సిమెంటు, 1 పాలు సున్నము, 6 పాళ్లు ఇసుక కలిపిన అడుసు చాలును. గట్టిదే మంచిదను నమ్మకము ఇక్కడ పనికిరాదు. అడుసు ఇటుకకంటె మెత్తగా నుండవలెను.

పునాదినే లోతుకు దింపుట కడపటి చికిత్స. గోడ వెంబడి 3, 4 అడుగుల పొడవున గుంటలుగా విభజించి, ఒకదాని ప్రక్క ఒకటి గాక, ఎడము విడిచి త్రవ్వవలెను. మొదటి గుంటలో కాంక్రీటు పోసి, అది గట్టిపడి, దానికిని పాత పునాదికిని నడుమ సందును పొడి అడుసుతో బిగించినగాని రెండవదాని జోలికి పోరాదు. పని త్వరగా తెమలవలెనని గోడ పొడవునను ఒకే కందకము త్రవ్వినచో గోడ పనివారిమీద కూలును. ఇది ప్రాణములతో కూడిన విషయము గనుక ఇంజనీరు దగ్గరలేనిదే ఈ పని ఆరంభింపరాదు. ఒక్క మూలను మాత్రమే లోతుకు దింపి తక్కిన మూలలను విడిచినచో, ఆ మూల కదలదు, తక్కినవి కదలుచునే యుండును. బీట చోటు మారును, అంతియే.

పునాదిమీద చేయివేయుట ఎంతటి వారికైనను సాహసమే. ఇటలీలోని పీసా గోపురము ఒరిగిపోవుచున్నదని 1934లో దాని పునాదిలో రంధ్రములు తొలిచి సిమెంటు పాలు ఎక్కించిరి. గోపురము ఇంకను ఒరిగినది. 1990లో దానిని సందర్శకులకు మూసివేసిరి. తుదకు 1999 మొదలు 2001 వరకు ఒరగని ప్రక్కనున్న మన్నును కొద్దికొద్దిగా తోడివేయగా, గోపురము తనంతట తానే 40 సెంటీమీటర్లకు పైగా వెనుకకు వచ్చినది. రాతిని సరిదిద్దలేదు, మన్నును సరిదిద్దిరి.

క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారికి ఈ యవస్థ యక్కరలేదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు రేగడి నేలలకై అండర్ రీమ్డ్ పైలు పునాదిని రూపొందించిరి. 3.5 మీటర్ల లోతుకు గుండ్రని రంధ్రము తొలిచి, అడుగున దానిని ఉబ్బుగా తొలిచి, ఇనుపకడ్డీలు దింపి కాంక్రీటు పోయుదురు. అడుగు ఉబ్బు వ్యాసము కంబపు వ్యాసమునకు సాధారణముగా రెండున్నర రెట్లుండును. కదలని లోతులో ఆ ఉబ్బు పట్టుకొనియుండగా పైనేల ఏమిచేసినను కంబము చలింపదు. కంబములమీది దూలమునకును నేలకును నడుమ 80 మిల్లీమీటర్ల ఖాళీ విడువవలెను. నేల ఉబ్బుటకు చోటుండవలెను గదా. చూచుటకు అనవసరముగా తోచు ఈ ఖాళీని కొందరు మన్నుతో పూడ్చివేయుదురు. కట్టించుకొనువారు దగ్గరనుండి చూచుకొనవలెను.

మా యింటి పెరటి గొట్టము మార్పించి, చుట్టును గచ్చు వేయించి, ఒక యేడాది తరువాత గోడ కుట్టించితిమి. ఆ వృద్ధ మేస్త్రీ వంటింటి మూలలో అతికిన అద్దపుముక్క ఇప్పటికిని అట్లే యున్నది, పగులలేదు. వెల్లవేయించునప్పుడు దానిని తీసివేయుటకు ఇంటిలో నెవ్వరును ఒప్పుకొనరు. కూలివాండ్రు దాని చుట్టును కుంచె తప్పించి వేయుదురు.