నల్లబల్ల మీద మాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీ వాళ్లు అడిగారు. నేను ఒక మనిషి గురించి చెప్తాను. ఆయన డాక్టర్ రాజ్ రెడ్డి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో, రైతు ఇంట్లో పుట్టారు. ఆ ఇంటి నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆయనే. 1958లో మద్రాసు గిండీలో సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేశారు. నేనూ సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలినవాణ్నే కాబట్టి ఈ సంగతి కాస్త గట్టిగానే చెప్తున్నా! తర్వాత ఆస్ట్రేలియా, అక్కడి నుంచి అమెరికా. 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ.

ఆయన పట్టుకున్న పని ఒకటే: మనిషి మాట యంత్రానికి అర్థం కావాలి. 1969లో కార్నెగీ మెలన్‌కు వెళ్లాక, తన బృందంతో హియర్‌సే అనే ప్రోగ్రాము తయారు చేశారు. అందులో ధ్వనులు తెలిసిన భాగం ఒకటి, పదాలు తెలిసింది ఒకటి, వాక్యం తెలిసింది ఇంకొకటి. అన్నీ తమ ఊహను ఒకేచోట రాస్తాయి. ఒకదాని తప్పును ఇంకొకటి దిద్దుతుంది. ఆ చోటికి వాళ్లు పెట్టిన పేరు బ్లాక్‌బోర్డు. మన లెక్కల సారు ఒక్కో మెట్టుకు ఒక్కొక్కరిని బోర్డు దగ్గరికి పిలిచేవారు కదా, అచ్చం అట్లనే. 1976 నాటికి అక్కడే పుట్టిన హార్పీ వెయ్యికి పైగా పదాలు గుర్తుపట్టింది. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆసియా మూలాలున్నవారిలో అది మొదట దక్కింది ఆయనకే.

మొన్న మా అమ్మకు ఫోన్ ఇచ్చి మాట్లాడమన్నాను. అమ్మకు చదువు రాదు. "బిడ్డా, ఏడున్నవ్? బువ్వ తిన్నవా?" అన్నది. తెర మీద పడింది ఇంకేదో. "దీనికి మన మాట రాదారా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. యంత్రం విన్నదే నేర్చుకుంటుంది. మన కరీంనగర్ మాట దానికి వినిపించింది తక్కువ. ఇక ఆదిలాబాద్ గోండి సంగతి చెప్పనే అక్కర్లేదు. చదువు రానివాళ్లకే ఈ యంత్రాలు ముందు పనికిరావాలని రాజ్ రెడ్డి ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు.

ఇంకో సంగతి. పదో తరగతిలో నాకంటే లెక్కలు బాగా వచ్చిన దోస్తు ఒకడు ఉండేవాడు. ఇంటర్‌లో పాఠాలన్నీ ఇంగ్లీషే. దసరా సెలవులకు ఊరికొచ్చినవాడు మళ్లీ కాలేజీకి పోలేదు. నాకు ఇంగ్లీషు చెప్పే మామ ఉన్నాడు, వాడికి లేడు. నేనూ పోయి పిలవలేదు.

2008లో గోదావరి ఒడ్డున, మనం అక్షరాభ్యాసాలు చేయించే బాసరలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పల్లె పిల్లలు పదో తరగతి మార్కులతోనే అందులో చేరి, ఆరేళ్లకు ఇంజనీరై బయటికి వస్తారు. ఆ యూనివర్సిటీకి మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డే. అంతా బాగుందని అనను. 2022 జూన్‌లో వసతుల కోసం ఆ పిల్లలే వారం రోజులు ఎండకూ వానకూ గేటు దగ్గర కూర్చున్నారు. అయినా ఆ గేటు మా కాలంలో ఉంటే వాడు లోపలికి పోయేవాడే.

వాడు ఇవాళ వచ్చిండు. మూడో వరుసలో, ఫ్యాను కింద. భోజనాలప్పుడు నా పక్కన కుర్చీ ఎవరూ పట్టకండి.