గోడమీది వైఫై పెట్టె: అమరిక, లోపాల వెదుకులాట
(వర్తకుల సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



రాయగడ జిల్లాలో రామనగుడ ఒక బ్లాకు కేంద్రం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేవరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుండి విడివడి రాయగడ జిల్లా ఏర్పడింది. ఈ చరిత్ర వల్లనే ఇక్కడి అంగళ్లలో ఒడియా, సవర, కువి భాషల పక్కన తెలుగు కూడా వినిపిస్తుంది. బిల్లు వేసే కంప్యూటరు, కార్డు యంత్రం, సీసీ కెమెరా, సరుకుల ఆర్డరు పంపే ఫోను అన్నీ నేడు గోడకు బిగించిన ఒక చిన్న తెల్లని పెట్టెపై ఆధారపడుతున్నాయి. దాని పేరు యాక్సెస్ పాయింట్. దానితో వచ్చే పుస్తకం మాత్రం సాధారణంగా ఆంగ్లంలోనే ఉంటుంది. పెట్టె మొరాయించిన రోజున వర్తకుడు గుణుపూర్ నుండో, రాయగడ నుండో మెకానిక్ వచ్చేవరకు బేరం వదులుకొని కూర్చోవలసి వస్తుంది. ఆ నిరీక్షణను తగ్గించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మొదట ఒక భేదాన్ని గుర్తించాలి. బయటి నుండి ఇంటర్నెట్‌ను తెచ్చి, లోపలి పరికరాలకు పంచేది రౌటర్. ఆ రౌటర్ నుండి తీగ ద్వారా అందినదాన్ని గాలిలోకి ప్రసారం చేసేది యాక్సెస్ పాయింట్. కొన్ని పెట్టెలు రెండు పనులూ చేస్తాయి. అయినా పనులు రెండూ వేరని తెలిస్తేనే లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

ఉదాహరణకు ముందు కిరాణా కొట్టు, వెనుక గోదాము ఉన్న ఒక దుకాణాన్ని తీసుకోవచ్చు. పెట్టెను ఎక్కడ బిగించాలన్నది తొలి నిర్ణయం. ఫోన్లు, యంత్రాలు ఎక్కువగా వాడేచోటికి ఎదురుగా, మనిషి తలకంటె ఎత్తున, ఏడెనిమిది అడుగుల దగ్గర బిగించడం మేలు. ఇనుప బీరువా, ఫ్రిజ్, రేకుల కప్పు, షట్టరు పెట్టె వీటికి ఆనించి పెట్టకూడదు. లోహం రేడియో తరంగాలను వెనక్కి నెట్టివేస్తుంది. మందమైన సిమెంటు గోడ వాటిని బలహీనపరుస్తుంది. సీలింగు కోసం తయారైన గుండ్రని పెట్టెను గోడకు బిగిస్తే దాని ప్రసారం ప్రధానంగా ఎదుటివైపుకే సాగుతుంది, గోడ వెనుక గది బలహీనంగా మిగులుతుంది. గోదాములో కూడా సంకేతం కావాలనుకొనేవారు అక్కడ రెండో పెట్టెను ఆలోచించడం మంచిది. ఒకే పెట్టె శక్తిని పెంచితే సమస్య తీరదు. పెట్టె గట్టిగా అరిచినా, ఫోను నెమ్మదిగా ఇచ్చే జవాబు దానికి వినిపించదు.

రెండవది తీగ. ఈ పెట్టెలలో చాలావాటికి విద్యుత్తు, ఇంటర్నెట్ రెండూ ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో అందుతాయి. ఈ పద్ధతిని పీఓఈ అంటారు. 2003లో వచ్చిన తొలి ప్రమాణం ప్రకారం సరఫరా చేసే కొస 15.4 వాట్ల వరకు ఇస్తుంది. 2009 నాటి ప్రమాణం ప్రకారం 30 వాట్ల వరకు ఇస్తుంది. పెట్టెకు ఎంత కావాలో దాని వెనుక చీటీపై ఉంటుంది. పెట్టె కోరే వోల్టేజీ, అడాప్టరు ఇచ్చే వోల్టేజీ సరిపోలాలి. కేబుల్ మొత్తం పొడవు 100 మీటర్లు దాటకూడదు. బజారులో చవకగా దొరికే కేబుళ్లలో కొన్నింటి లోపల రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది. విద్యుత్తును కూడా మోయవలసిన చోట అది పనికిరాదు. దూరం పెరిగినకొద్దీ వోల్టేజీ పడిపోతుంది, కొసలు వేడెక్కుతాయి. పూర్తి రాగి కేబుల్ ధర ఎక్కువైనా ఒకసారి పెట్టే ఖర్చే. ఆరుబయటి నుండి లోపలికి వచ్చే కేబుల్‌ను గోడ రంధ్రం దగ్గర కిందికి ఒక వంపు తిప్పి తేవాలి. వాననీరు ఆ వంపు దగ్గర జారిపోతుంది, లోపలికి రాదు. ఉరుముల కాలంలో ఆరుబయట వేలాడే తీగ పిడుగుల ప్రభావాన్ని లోపలికి తేగలదు. కాబట్టి సరైన ఎర్తింగు తప్పనిసరి.

మూడవది సెట్టింగులు. మొదట కర్మాగారం ఇచ్చిన అడ్మిన్ పాస్‌వర్డు మార్చాలి. రౌటర్ ఇదివరకే ఉన్నచోట పెట్టెను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉంచాలి. పరికరాలకు చిరునామాలు ఇచ్చే డీహెచ్‌సీపీ పని ఒక్కచోటే జరగాలి. రౌటర్, పెట్టె రెండూ ఆ పనికి పూనుకొంటే పరికరాలు తికమకపడి ఒకరోజు పనిచేస్తాయి, మరునాడు ఆగుతాయి. భద్రతకు డబ్ల్యూపీఏ3 ఎంచుకోవాలి. పాత ఫోన్లు అంగీకరించకపోతే డబ్ల్యూపీఏ2. బిల్లింగు, కెమెరాలకు ఒక పేరు, ఖాతాదారులకు వేరుగా అతిథుల పేరు పెట్టాలి. లేకపోతే కొట్టుకు వచ్చిన అపరిచితుని ఫోను, లెక్కల కంప్యూటరు ఒకే గదిలో కూర్చున్నట్లే.

ఇక ఛానెల్. భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ 2005లోను, 5 గిగాహెర్ట్జ్ పట్టీలో విస్తృత భాగం 2018లోను లైసెన్సు అక్కరలేని వాడకానికి వచ్చాయి. రుసుము లేదంటే హద్దు లేదని అర్థం కాదు. ఆ గాలి బజారంతటికీ ఉమ్మడి సొత్తు. 2.4 పట్టీలో ఒకదానితో ఒకటి పెనగులాడని ఛానెళ్లు 1, 6, 11 మూడే. ఒక వరుసలోని పది కొట్లు తమకు తోచిన ఛానెలును, అందులోనూ వెడల్పును 40 మెగాహెర్ట్జ్‌గా పెట్టుకొంటే అందరి వేగమూ కుంగిపోతుంది. ఇరుగుపొరుగు వర్తకులు మాట్లాడుకొని ఆ మూడింటిని పంచుకొని, వెడల్పు 20 వద్ద ఉంచితే ఖర్చు లేకుండానే అందరికీ మేలు. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, వేగం ఎక్కువ. గోడలను దాటే శక్తి మాత్రం తక్కువ.

ఇప్పుడు అసలు విషయం. నెట్ ఆగినప్పుడు చాలామంది చేసే తొలి పని రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చడం. అది చివరి మందు, తొలి మందు కాదు. దానితో పేరు, పాస్‌వర్డు, మోడ్ అన్నీ చెరిగిపోతాయి. ఒక తీగ వదులైన చిన్న లోపం మొత్తం వ్యవస్థను తిరిగి అమర్చవలసిన పెద్ద పనిగా మారుతుంది. ఒక్కసారి ఆపి తిరిగి వెలిగించడం వేరు, రీసెట్ వేరు. మొదటిది నిరపాయం.

లోపాన్ని వరుసగా వెదకాలి. మొదటి ప్రశ్న: ఇబ్బంది ఒక్క ఫోనుకా, అందరికా? ఒక్కదానికే అయితే ఆ ఫోనులో నెట్‌వర్క్‌ను మరచిపోయేటట్లు చేసి మళ్లీ కలపాలి. ఖాతాదారు తన సిమ్ డేటాతో యూపీఐ చెల్లింపు చేస్తూ ఆగితే ఆ తప్పు కొట్టు వైఫైది కాదు.

రెండవ ప్రశ్న: పెట్టెపై దీపం వెలుగుతోందా? వెలగకపోతే అడాప్టరు, ప్లగ్గు, కేబుల్ కొసలు చూడాలి. పనిచేస్తుందని తెలిసిన మరో కేబుల్ వేసి చూస్తే అనుమానం తీరుతుంది.

మూడవ ప్రశ్న: ఫోనుకు, కంప్యూటరుకు చిరునామా వచ్చిందా? కంప్యూటరు చిరునామా 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ జవాబు రాలేదని అర్థం. అప్పుడు రౌటర్‌ను, దాని వరకు ఉన్న తీగను పరిశీలించాలి.

నాలుగవ ప్రశ్న: చిరునామా ఉండి నెట్ లేకపోతే, రౌటర్‌కు నేరుగా తీగతో కలిపిన కంప్యూటరుకు వస్తోందా? అక్కడా రాకపోతే లోపం బయటి లైనులోనో, రౌటర్‌లోనో ఉంటుంది. గోడమీది పెట్టె నిర్దోషి. అక్కడ వచ్చి వైఫైలో రాకపోతే పెట్టెను, దాని తీగను అనుమానించాలి.

అయిదవది నెమ్మది. సంకేతాన్ని కొలిచే ఉచిత యాప్‌లు ఉన్నాయి. అవి చూపే అంకె మైనస్‌లో ఉంటుంది. మైనస్ 67 చుట్టూ ఉంటే మాటలకూ, వీడియోకూ సరిపోతుంది. మైనస్ 80కి దిగితే తెగిపోతూ ఉంటుంది. మూడు అంకెలు దిగితే అందే శక్తి సగమైనట్లే. అంకె బాగుండీ సాయంత్రం వేళ మాత్రమే నెమ్మదిస్తే దోషం దూరానిది కాదు. ఛానెల్ రద్దీదో, బయటి లైనుదో అవుతుంది.

ఈ వరుసకు తోడుగా ఒక నోటుపుస్తకం ఉండాలి. పెట్టె మోడల్, చిరునామా, బిగించిన తేదీ, ఛానెల్, చేసిన మార్పులు అందులో రాయాలి. పాస్‌వర్డును వేరుగా భద్రపరచాలి. ఊరు మారి వచ్చిన వర్తకునికి కొత్త చోట పాత పరిచయాల బలం ఉండదు; ఆ పుస్తకం కొంతవరకు ఆ లోటు తీరుస్తుంది. దానిని ఇంట్లో మరొకరికి కూడా చూపాలి. యజమాని ఊళ్లో లేని రోజున కొట్టులో నిలబడే భార్యకో, కొడుకుకో, పనివానికో అదే ఆధారం.

మెకానిక్ అక్కరలేదని దీని అర్థం కాదు. పిడుగు పడిన పెట్టెకు, తెగిన బయటి లైనుకు నిపుణుడే రావాలి. అయితే “నెట్ రావడం లేదు” అని ఫోను చేసేవారికీ, “దీపం వెలుగుతోంది, చిరునామా వస్తోంది, రౌటర్ దగ్గర కూడా నెట్ లేదు” అని చెప్పేవారికీ ఎంతో తేడా ఉంది. రెండవవారి మాట విన్నవాడు సరైన సామగ్రితో వస్తాడు, చేయని మరమ్మతుకు డబ్బు అడగలేడు. తన పరికరాన్ని తన భాషలో అర్థం చేసుకొన్న వర్తకుడు ఏ ఊళ్లోనైనా ఇతరుల దయపై వ్యాపారం చేయవలసిన పని ఉండదు.