రాయబార కార్యాలయం గుమ్మం దాకా స్త్రీ చేరేదెలా?

(కూచిపూడిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊళ్లో నిలబడి మాట్లాడుతుంటే భామాకలాపం గుర్తు రాకుండా ఉండదు. విరహంతో సత్యభామ భర్తకు లేఖ రాసి మాధవి చేత పంపుతుంది. ఆ సత్యభామ వేషం తరతరాలుగా మగవాళ్లే కట్టారు. ఆమె బాధను కూడా మనం వాళ్ల నోటి నుంచే విన్నాం. ఇవాళ కృష్ణా డెల్టా నుంచి పెళ్లయి అమెరికా వెళ్లిన అమ్మాయి కష్టంలో పడితే, ఆమె లేఖ ఎవరు పట్టుకెళ్తారు? ఎవరికి ఇస్తారు?

నా పరిశోధనలో కలిసిన ఒక తల్లి ఇలా అడిగింది: "ఎంబసీ అంటే మన మండలాఫీసు లాంటిదేనామ్మా? మా పిల్ల వెళ్లి అర్జీ పెట్టుకోవచ్చా?" ఆమె కూతుర్ని భర్త కట్టుబట్టలతో బయటికి గెంటేశాడు. పాస్‌పోర్టు అతని బీరువాలో ఉంది. ఆ తల్లి అడిగింది అమాయకపు ప్రశ్న అనుకోకండి. దేశం దాటిన స్త్రీకి పౌరసత్వం ఎంతవరకు తోడొస్తుందన్నది అసలు ప్రశ్న.

వాషింగ్టన్‌లో మన రాయబార కార్యాలయం ఉంది. న్యూయార్క్, చికాగో, హూస్టన్, అట్లాంటా, శాన్‌ఫ్రాన్సిస్కో, 2023 నుంచి సియాటిల్ వంటి నగరాల్లో కాన్సులేట్లు ఉన్నాయి. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం తమ పౌరులకు సహాయం చేయడం వీటి విధుల్లో ఒకటి. అయితే అక్కడి పోలీసుల మీద, కోర్టుల మీద వీటికి అధికారం లేదు. భర్త ఇంట్లోకి వెళ్లి భార్యను బయటికి తీసుకురాలేవు. ఈ పరిమితి ముందే తెలిస్తే లేనిపోని ఆశలు పెట్టుకోం, రావలసిన సాయాన్ని వదులుకోం.

ఆ సాయం ఏమిటి? మొదటిది పాస్‌పోర్టు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి. భర్తదీ కాదు, అత్తమామలదీ కాదు, గల్ఫ్‌లో యజమానిదీ కాదు. అది చేతిలో లేని స్త్రీకి కాన్సులేటు కొత్తది ఇవ్వవచ్చు, లేదా స్వదేశానికి తిరిగి రావడానికి మాత్రమే పనికొచ్చే అత్యవసర పత్రం ఇవ్వవచ్చు. రెండోది డబ్బు. 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి, విదేశాల్లో భర్త వదిలేసిన భార్యకు న్యాయ సహాయం కోసం 4,000 డాలర్ల వరకు మంజూరు చేసే వీలుంది. అది ఆమె చేతికి రాదు. కాన్సులేటు జాబితాలో ఉన్న లాయరుకో, స్వచ్ఛంద సంస్థకో వెళ్తుంది. గంటల లెక్కన ఫీజు తీసుకునే లాయర్లున్న దేశంలో అది ఎన్నాళ్లు వస్తుంది?

అన్నిటికన్నా ముందు ఆమె ఆ గుమ్మం దాకా చేరాలి. హెచ్-4 వీసా మీద వెళ్లిన భార్య ఉనికి భర్త వీసాకు కట్టేసి ఉంటుంది. 2015 దాకా ఈ వీసా మీదున్న వాళ్లకు ఉద్యోగం చేసే అనుమతే లేదు. ఆ తర్వాత కొందరికే దొరికింది. సొంత డబ్బు, కారు లేని స్త్రీకి వందల మైళ్ల దూరంలోని ఆఫీసు ఉన్నా లేనట్టే. చట్టం భార్యను ఆధారితురాలు అని రాసింది. పితృస్వామ్యం ఆ మాటను అక్షరాలా అమలు చేస్తోంది.

"ఇంటికొచ్చెయ్యి" అని సలహా ఇవ్వడం మనకు తేలిక. అక్కడ పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడు. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. తల్లి బిడ్డతో వచ్చేస్తే అక్కడి కోర్టు దాన్ని అపహరణగా చూసే ప్రమాదముంది. ఒంటరిగా వస్తే బిడ్డ దూరమవుతుంది. అందుకే విమానం ఎక్కకముందే న్యాయ సలహా అందాలి.

కోర్టుల వైపు చూస్తే మన రాష్ట్రపు కేసే దారి చూపింది. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒకతను అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. భార్య ఊరుకోలేదు. 1991 జూలైలో సుప్రీంకోర్టు ఆ విడాకులు ఇక్కడ చెల్లవని తీర్పు చెప్పింది. పెళ్లి జరిగిన చట్టం ప్రకారం, అధికారం ఉన్న కోర్టే విడాకులివ్వాలని, భార్యకు తన వాదన వినిపించుకునే నిజమైన అవకాశం ఉండాలని స్పష్టం చేసింది. విదేశీ కోర్టు కాగితం రాగానే అంతా అయిపోయిందని కుంగిపోయే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పండి.

గల్ఫ్ సంగతి మరువకూడదు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన స్త్రీలు మన అక్కచెల్లెళ్లే. 30 ఏళ్లు నిండాలని ఒక నిబంధన, 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలని ఇంకొకటి పెట్టారు. రక్షణ పేరుతో దారి ఇరుకు చేస్తే ఏజెంట్లు విజిట్ వీసా దొడ్డిదారి చూపిస్తారు. అలా వెళ్లిన స్త్రీ వివరాలు మన ప్రభుత్వ రికార్డుల్లో ఉండవు. హింస భరించలేక బయటపడితే యజమాని పరారీ కేసు పెడతాడు. అమెరికా కోడలికీ, కువైట్ పనిమనిషికీ కులం, వర్గం, చదువు వేరు. కానీ ఇద్దరి పాస్‌పోర్టూ ఇంకొకరి చేతుల్లోనే ఉంది.

మనం ఏం చేయాలి? పెళ్లి రిజిస్టరు కాకుండా, పాస్‌పోర్టు, వీసా నకళ్లు పుట్టింట్లో పెట్టకుండా ఏ అమ్మాయినీ పంపవద్దని ఊరూరా చెప్పాలి. 2015లో మొదలైన మదద్ పోర్టల్‌లో ఇక్కడి కుటుంబ సభ్యులే ఫిర్యాదు చేయవచ్చు. అర్జీ రాసిపెట్టడం మన పనిగా పెట్టుకోవాలి. తెలుగు వాళ్లు ఎక్కువగా ఉన్నచోట తెలుగులో వినే సిబ్బంది కావాలని, సాయం పరిమితి పెంచాలని అడగాలి. ప్రవాస భారతీయుల వివాహాల నమోదు బిల్లును 2019లో రాజ్యసభలో ప్రవేశపెట్టారు. సమగ్ర చట్టం కావాలని 2024లో లా కమిషన్ కూడా సిఫారసు చేసింది. ఆ చట్టం కోసం పోరాడాలి.

ఆ తల్లికి నేనిచ్చిన జవాబు ఇది: "అవునమ్మా, అది మన ఆఫీసే. అర్జీ పెట్టుకోవడం మీ అమ్మాయి హక్కు. పదండి, ఇక్కడి నుంచి మనం రాద్దాం." ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని రాశాం. మీ ఊళ్లలోనూ అలా కూర్చుని రాసేవాళ్లు ఉండాలని కోరుతూ ముగిస్తున్నాను.