రేవు దాటని ఓడ

స్వీడన్ దేశపు రాజు ఒక పెద్ద యుద్ధపు ఓడ కట్టించాడు. చెక్క ఓడ. తెరచాపలతో నడుస్తుంది. పేరు వాసా. దానికి 64 ఫిరంగులు! కట్టే పెద్దమేస్త్రి 1627లో చనిపోయాడు. మిగిలిన పని ఆయన భార్య మార్గరెటా చూసుకుంది.

ఓడకు పైబరువు ఎక్కువైంది. రేవులోనే 30 మందిని ఈ పక్కనుంచి ఆ పక్కకు పరుగెత్తించి చూశారు. ఓడ ఊగిపోయింది. మునుగుతుందని భయపడి పరీక్ష ఆపేశారు. రాజేమో తొందర పెడుతున్నాడు. ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

1628 ఆగస్టు 10న ఓడ కదిలింది. ఆడవాళ్లూ, పిల్లలూ కూడా ఎక్కారు. కిలోమీటరున్నర పోకముందే గాలికి పక్కకు ఒరిగింది. ఫిరంగుల కిటికీల్లోంచి నీళ్లు వచ్చాయి. సుమారు 30 మంది చనిపోయారు. విచారణ చేశారు గానీ ఎవరికీ శిక్ష పడలేదు.

1961లో ఓడను పైకి తీశారు. లోపల ఎముకలు దొరికాయి. వాటిలో ఒకరిని చాలా ఏళ్లు మగవాడనే అనుకున్నారు. 2023లో తెలిసింది, ఆమె ఆడమనిషని.