2024: జిల్లా పేజీలో మిగిలిన సంవత్సరం



2024 సంవత్సరాన్ని సమీక్షించమని కార్యదర్శిగారి ఆదేశం. పెద్ద వార్తలేవో మీకు తెలియనివి కావు. జూన్ 2న అందెశ్రీ పాట తెలంగాణ రాష్ట్ర గీతమైంది. జూన్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 175 అసెంబ్లీ స్థానాల్లో 164 తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమికి పోయాయి. మరో నాలుగు రోజులకు రామోజీరావు కన్నుమూశారు. 1974 ఆగస్టులో విశాఖలో తాను మొదలుపెట్టిన ‘ఈనాడు’ పత్రికకు యాభై నిండడం ఆయన చూడలేదు. మావోయిస్టు సంబంధాల కేసులో మార్చిలో నిర్దోషిగా బయటికొచ్చిన ప్రొఫెసర్ సాయిబాబా అక్టోబరులో వెళ్లిపోయారు. పెనుగొండ లక్ష్మీనారాయణగారి విమర్శ గ్రంథం ‘దీపిక’కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. విమర్శకు విలువ లేదని ప్రతి సభలోనూ వాపోయే మిత్రులు కనీసం ఈ పూటకు ఆ పాట ఆపుతారని ఆశ.

ఈ మాత్రం డిసెంబరు 31 నాటి ఏ పేపరు తిప్పినా దొరుకుతుంది. నా పేచీ వేరే, జిల్లా పేజీల గురించి. విని విసిగినవాళ్లు మీలో ఉన్నారు. అయినా తప్పదు, అధ్యక్షుణ్ణి చేసింది మీరే.

సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ అంకె మెయిన్ ఎడిషన్‌లో ఉంది, ఎక్కడికీ పోదు. పాలప్యాకెట్ ఎంతకు అమ్మారు, ఏ వీధికి పడవ ఏనాటికి చేరింది, నీళ్లు తీశాక ఏ సందులో ఎన్నాళ్లు బురద ఎత్తలేదు, ఇవన్నీ జిల్లా పేజీల్లో ఉన్నాయి. నేను దాచుకున్న ఒక పేజీలో చిన్న ఫొటో ఉంది: పిట్టగోడ మీద పదో తరగతి సర్టిఫికెట్లు ఆరబెట్టి, ఎగిరిపోకుండా మూలల్లో ఇటుకముక్కలు పెట్టారు. ఆ వానల్లోనే ఖమ్మంలో మున్నేరు వంతెన మీద చిక్కినవాళ్లను ఒడ్డుకు చేర్చిన జేసీబీ డ్రైవరు సంగతి దేశమంతా విన్నది. ఆ పక్క కాలనీలవాళ్ల గోడు మాత్రం లైను లెక్కన డబ్బులందుకునే మండల విలేకరి రాసిన నాలుగు ముక్కల్లోనే ఉంది.

ఆ పేజీ ఎవరు దాస్తున్నారు? ఒక గ్రంథాలయంలో అడిగాను. ‘మెయిన్ బైండు చేస్తాం సార్, జిల్లా పేజీలు చిత్తుకాగితాల కింద వేసేస్తాం’ అన్నారు అక్కడి గ్రంథపాలకుడు. తప్పు ఆయనది కాదు, పైనుంచి వచ్చిన పద్ధతి అది.

ఈ-పేపరు ఉండగా ఇంకా ఈ కాగితాల గోలేమిటని ఇదే సదస్సులో ఒక పండితుడు నన్ను ఎద్దేవా చేశారు. ఆయన పేరు చెప్పను, ముందు వరసలోనే ఉన్నారు. పదేళ్ల కిందటి ఒక మండలం వార్త ఫోనులో తెరిచి చూపిస్తే ఈ కుర్చీ ఆయనకిచ్చి దిగిపోతాను. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టి, పాత పత్రికలు పారేయకుండా కాపాడినవాళ్లే లేకపోతే ఇక్కడ సగంమందికి డాక్టరేట్లు వచ్చేవా? తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోల్కొండ కవుల సంచిక’ తెచ్చి, 354 మందిని లెక్కకు తెచ్చారు. ఊరూరి నుంచీ కాగితం రాబట్టబట్టే అది సాధ్యమైంది. 2024లో తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టాలని నిర్ణయించారు. సంతోషం. ఆయన పేరుతోపాటు ఆయన పనీ తీసుకోవాలి కదా!

జిల్లా పేజీకి పక్షపాతం లేదని నేననను. ఎన్నికల నెలల్లో అదీ మెయిన్ లాగే ఊగుతుంది. కానీ చనిపోయిన గేదెల లెక్క దగ్గరికొచ్చేసరికి వైరి పత్రికలు కూడా ఇంచుమించు ఒకే మాట రాస్తాయి. చరిత్రకారుడికి కావలసింది అదే.

కనుక ప్రతినిధులకు నా విన్నపం ఒక్కటే. 2024 ఆగస్టు 31 నుంచి సెప్టెంబరు 15 దాకా ఎన్టీఆర్, ఖమ్మం జిల్లాల పేజీలు, ఏ పత్రికవైనా సరే, మీ అటకల మీద ఉంటే వచ్చే నెలలోగా కార్యదర్శిగారికి పంపండి. బైండింగు ఖర్చు నాది.